చీమల సుద్ద పట్టుకున్న చేయి

"ఈ మందు ఫిట్స్‌ని ఆపుతోందా, పిల్లనే ఆపేస్తోందా?"

ఆ మాట పైకే అనేశానని ఎదురు సీటులోని పెద్దావిడ తలెత్తి చూసినప్పుడు తెలిసింది. "ఏంటమ్మా?" అందావిడ. "ఏం లేదండి" అన్నాను. తెనాలిలో ఎక్కిన ప్యాసింజరు బాపట్లకి దగ్గర పడుతోంది. నా ఒళ్లో సంచి ఉంది. అందులో రుమాలు చుట్టిన సిరప్ సీసా ఉంది.

మా జెస్సీకి మూడేళ్లు దాటి రెండు నెలలు. ఐదు వారాల క్రితం ఒకే వారంలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఈ సిరప్ రెండు పూటలా పోయమన్నాడు. ఎట్టి పరిస్థితుల్లోనూ మధ్యలో ఆపొద్దన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఫిట్స్ రాలేదు. కానీ పిల్ల మారిపోయింది. గోడ మీద బల్లి కనిపిస్తే దానికి పేరు పెట్టి కబుర్లు చెప్పే పిల్ల, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతోంది. పిలిస్తే ఆలస్యంగా తల తిప్పుతోంది. పగలంతా ఒక మూల ఒరిగిపోతోంది.

నేను బయోటెక్నాలజీ చదివాను. తెనాలిలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. మెదడు కణాలను ఇలాంటి మందులు ఎలా అణిచిపెడతాయో కొంత తెలుసు. భయపడటానికి సరిపోయేంత తెలుసు. సోమవారం నుంచి సగం మోతాదే పోయాలని మనసులో నిర్ణయం చేసేసుకున్నాను. నా భర్త శ్యామ్‌కి చెప్పలేదు. డాక్టరుకీ చెప్పలేదు. చెప్పే ముందు లాల్ అహమ్మద్‌ని కలవాలి.

లాల్ అహమ్మద్ డాక్టరు కాదు, సైంటిస్టూ కాదు. రేపల్లెలో పుట్టి, పదో తరగతి తప్పి, ఇరవై ఏళ్లు మైకు సెట్లు అద్దెకిచ్చిన మనిషి. పెళ్లిళ్లు, ఉరుసులు, చర్చి మీటింగులు, పార్టీ సభలు, ఎవరికి గొంతు కావాలన్నా ఆయన సైకిలు రిక్షాలో బాకాలు కట్టుకుని వెళ్లేవాడు. బాపట్లలో వినోద్ కుమార్ గారు నడిపే చిన్న పరిశోధనశాలకు ఆయన వచ్చింది కూడా ఒక మైకు మెకానిక్‌గానే.

ఆ పరిశోధనశాలలో ఎలుక పిల్లల మెదడు నుంచి తీసిన కణాలను గాజు డిష్‌లలో పెంచుతారు. డిష్ అడుగున వెంట్రుక కంటే సన్నని లోహపు కొసలు అరవై ఉంటాయి. కణాలు వాటి మీద పరుచుకుని, కొద్దిరోజుల్లో కొమ్మలు చాచి, ఒకదాన్నొకటి అందుకుంటాయి. వాటి మధ్య పుట్టే అతి చిన్న విద్యుత్తును ఆ కొసలు పట్టుకుంటాయి. దాన్ని పెద్దది చేసి తెర మీద గీతలుగా చూస్తారు. డిష్‌లో ఒక మందు చుక్క వేస్తే ఆ గీతలు ఎలా మారుతున్నాయో లెక్కగడతారు.

మొదట్లో వాళ్ల తెర మీద కణాల గీతలు కనిపించేవి కావట. ఎప్పుడు చూసినా ఒకటే అల. పరికరం అమ్మినవాళ్లు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. చివరికి ఎవరో చెప్పారు, రేపల్లెలో ఒకాయన ఉన్నాడు, గుర్రుమనే మైకు పక్కన రెండు నిమిషాలు నిలబడి రోగమేంటో చెప్పేస్తాడని. లాల్ అహమ్మద్ వచ్చి, చెప్పులు బయట విడిచి, తెర వైపు చూడనే లేదట.

"ఒకసారి దీన్ని స్పీకరుకి కలపండి సార్, వింటాను" అన్నాడట.

విన్నాడు. "ఇది ఎలకల గోల కాదండి. మీ ఏసీ గోల. ఎర్త్ లేదు మీకు" అన్నాడు. వెనక పెరట్లో గొయ్యి తీయించి, బొగ్గు, ఉప్పు వేసి, రాగి పలక పాతి, లావుపాటి తీగ లాగించాడు. సాయంత్రానికి ఆ గుర్రు పోయింది. దాని వెనక ఇన్నాళ్లూ దాక్కున్న చప్పుడు అప్పుడు బయటికొచ్చింది. టప్, టప్, ఒక్కొక్కటిగా. లాల్ అహమ్మద్ కుర్చీ లాక్కుని అరగంట అలాగే విన్నాడట. రేపటి నుంచి రోజూ రాగలరా అని వినోద్ కుమార్ గారు అడిగారు.

ఎనిమిదేళ్ల క్రితం నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అక్కడ చేరేసరికి ఆయన ఆ డిష్‌లన్నిటికీ పోషక ద్రవం మార్చే టెక్నీషియను. విద్యార్థులందరికీ లాల్ బాబాయ్. మేం గీతలు లెక్కపెడుతుంటే ఆయన స్పీకరు పెట్టుకుని వినేవాడు.

"మీటింగుకి జనం వచ్చినట్టే అమ్మాయ్" అని నాకు నేర్పాడు. "మొదటి వారం ఎవరి గోల వాళ్లది. అక్కడొకడు, ఇక్కడొకడు చప్పట్లు కొడతాడు. మూడో వారానికి అందరూ కలిసి కొడతారు, ఆపుతారు, మళ్లీ కొడతారు. అది మంచి డిష్. ఆపకుండా కొడుతూనే ఉన్నారనుకో, అది ఫిట్స్. అప్పుడు మందేస్తారు. మంచి మందు జనాన్ని ఇళ్లకి పంపదు, కూర్చోబెడుతుంది."

ఐదు వారాలుగా ఆ మాట నా చెవిలో తిరుగుతోంది. నా పిల్లను ఈ మందు కూర్చోబెట్టిందా, ఇంటికి పంపేసిందా?

నేను వెళ్లేసరికి బాబాయ్ చేతి తొడుగులు వేసుకుని, గాజు అద్దం వెనక డిష్‌లకు ద్రవం మారుస్తున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. శనివారం కాబట్టి వినోద్ కుమార్ గారు లేరు. నేను సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

"ఏంటమ్మా అది, నాకు దగ్గు లేదే" అన్నాడు తల తిప్పకుండా.

జరిగిందంతా చెప్పాను. గబగబా, ముందుది వెనక, వెనకది ముందు చెప్పానేమో, ఆయన రెండుసార్లు ఆపి అడిగాడు. చివరికి వచ్చిన పని చెప్పాను. ఈ సిరప్ ఒక్క చుక్క ఒక మంచి డిష్‌లో వేసి, స్పీకరు పెట్టి, నాకు వినిపించాలి.

బాబాయ్ చేతిలోని డిష్ జాగ్రత్తగా కింద పెట్టాడు. "ఎమ్మెస్సీ చేసింది నువ్వా, నేనా?"

"బాబాయ్, ఒక్క చుక్క."

"అందులో మందొకటే ఉందా? పంచదార పాకం ఉంటది, నారింజ వాసనుంటది, చెడిపోకుండా వేసేదేదో ఉంటది. ఎలక్కి నారింజ నచ్చకపోతే నీ కూతురికి మందు పడలేదంటావా? పైగా పొట్టలోకి పోయి, రక్తంలో కలిసి, మెదడు దాకా చేరేదెంత? నేను చుక్కతో నెత్తిన గుమ్మరించేదెంత?"

ఇవన్నీ నాకు తెలుసు. పిల్లలకు పాఠంగా చెప్పగలను కూడా. అయినా ఆ సీసా పట్టుకుని రైలెక్కాను. ఆయనే మెత్తబడ్డాడు. "కూర్చో. ఇంకో ఆరు డిష్‌లున్నాయి. తర్వాత మా ఇంటికి పోదాం. మీ పిన్ని నిన్ను చూసి ఎన్నాళ్లయిందో. రేపల్లెలో సాయంత్రం బండెక్కితే తిన్నగా తెనాలిలో దిగొచ్చు."

నేను వరండాలోకి వెళ్లి మా అత్తయ్య రాజమ్మకు ఫోన్ చేశాను. జెస్సీ నిద్రపోతోందట. వచ్చి మళ్లీ కూర్చున్నాను. పావుగంటకి మళ్లీ వెళ్లి చేశాను.

ఒంటిగంట బస్సులో బాబాయ్ కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి, తాను ఇవతల కూర్చున్నాడు. కర్లపాలెం దాటాం. రోడ్డు పక్క చేలో ఒకతను వీపున ట్యాంకు కట్టుకుని పైరుకు పిచికారీ చేస్తున్నాడు. అతన్ని చూసి మొదలుపెట్టాడు.

"నేను ఒకసారి తప్పు చేశాను, నీకు తెలీదుగా. నువ్వెళ్లాక. మూడేళ్లయింది."

వినోద్ కుమార్ గారు అప్పుడు ఫిట్స్ కోసం ఒక కొత్త రసాయనం పరీక్షిస్తున్నారట. దానికి పేరు లేదు, పదిహేడో నెంబరు అనేవాళ్లు. ఎనిమిది డిష్‌లు. కింది అరలో నాలుగింటికి పదిహేడో నెంబరు. పై అరలో నాలుగింటికి ఉత్త ద్రావకం, పోల్చి చూడటానికి. కింది అర బాబాయ్‌ది. పై అర ఒక రీసెర్చ్ విద్యార్థిది.

"ఆ పొద్దున చీమలొచ్చినై. ఎర్ర చీమలు. మనం వేసే ద్రవంలో చక్కెర ఉంటదిగా, ఎక్కడో చుక్క పడ్డట్టుంది. మైకు సెట్ల వాడికి చీమలంటే ఎట్టా ఉంటదో తెలుసా నీకు? యాంప్లిఫయరులో దూరి గూడు పెడతై. సభలో మంత్రి నోరు తెరిచేసరికి బుస్సుమంటది. అందుకని ఏ పెట్టె చూసినా చుట్టూ చీమల సుద్దతో గీత గీయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. సంచిలో ఎప్పుడూ ఒక ముక్క ఉండేది. ఆ అరల స్టాండు నాలుగు కాళ్ల చుట్టూ గీశాను. తొడుగులతోనే గీశాను, చేతికి అంటకుండా. తర్వాత ఆ తొడుగుల మీదే స్పిరిట్ కొట్టుకుని, కింది అర డిష్‌లు తీసి ద్రవం మార్చాను."

చీమల సుద్దలో ఉండేది పురుగుల మందు. అది నరాల కణాల మీదే పనిచేస్తుంది. కణంలోకి సోడియం వచ్చే దారిని మూసుకోనివ్వదు. కణాలు ముందు అదురుతాయి, ఆ తర్వాత అలిసిపోయి ఊరుకుంటాయి. స్పిరిట్ క్రిములను చంపుతుంది గానీ సుద్దలోని మందును కడగదు, కరిగించి ఇంకా పరుస్తుంది.

"నాలుగు డిష్‌లూ చల్లబడినై" అన్నాడు. "పై అరలో నాలుగూ మామూలే. సారు ఆ రోజు స్వీట్లు తెప్పించారు. పదిహేడో నెంబరు ఇంత బాగా అణిచేస్తదని అనుకోలేదన్నారు. మర్నాడు మందు కడిగేసి చూశాం. కడిగితే మళ్లీ లేవాలి కదా. లేవలా. అది గట్టిగా పట్టుకుంది లాల్ గారూ, ఇంకా మంచిది అన్నారు సారు. కాగితాలు రాయడం మొదలెట్టారు."

"నువ్వేం చేశావు?"

"నాకు ఆ చప్పుడు నచ్చలా. చల్లబడే ముందు పది నిమిషాలు ఒకటే గలగల. జనాన్ని కూర్చోబెడితే అట్టా ఉండదమ్మా. లాఠీచార్జి చేస్తే అట్టా ఉంటది. ఏంటా, ఏంటా అని పది రోజులు తిండి సయించలా. మీ పిన్ని నాకు షుగరొచ్చిందని టెస్టు కూడా చేయించింది."

ప్రతి పనీ రాసే పుస్తకం ఒకటి ఉండేది. ఏ డిష్, ఏ మందు, ఎంత, ఎప్పుడు. ఆ రోజు పేజీ తీసి ఆయన పదే పదే చదివాడట. అందులో తప్పేమీ లేదు. చీమల సుద్ద సంగతి అందులో లేదు.

"మందు అన్న గడి ఉంది. చీమల మందు ఆ గడిలోకొస్తదని నా బుర్రకి తట్టలా. మన ఊళ్లో చేలో కొట్టేదీ మందే, బాటిల్లో తాగేదీ మందే, పిల్లలకి పోసేదీ మందే. అన్ని మందులు తెలిసినోణ్ణి, నా చేతిలో ఉన్నదాన్ని మందనుకోలా."

"మరి ఎలా గుర్తొచ్చింది?"

"మా ఇంట్లో మీ పిన్ని బియ్యం డబ్బా చుట్టూ సుద్ద గీసి, ఆ చేత్తోనే పిండి కలపబోయింది. చేతికి మందుంది, కడుక్కో అని కేకేశాను. నేను కేకేసిన మాట నాకే వినపడింది."

ఎవరికీ చెప్పకుండా మర్నాడు పాత డిష్ ఒకటి తీసుకున్నాడట. పారేయాల్సిందే అది. సుద్ద పట్టుకున్న తొడుగుతో, పదిహేడో నెంబరు లేకుండా, ఉత్త ద్రవం మార్చాడు. స్పీకరు పెట్టాడు. అదే గలగల. తర్వాత అదే మౌనం.

"అప్పుడు చెప్పావా?"

"అప్పుడు భయమేసింది. చెప్పకపోతే తెలిసేది కాదు ఎవరికీ. చెబితే ఉద్యోగం. కానీ ఆ పదిహేడు రేపు ఎలకల్లోకి పోతది, ఎల్లుండి ఎవరి పిల్లల్లోకో పోతది. సారు గదిలోకి పోయి నిలబడ్డాను. చెప్పాను. సారు ఆ కాగితాలు పక్కకి నెట్టారు. ఆ రోజే ఎందుకు చెప్పలేదండి అన్నారు. ఆ రోజు అది చెప్పే పనిలాగా కనపడలేదు సార్, చీమలొచ్చినై, గీత గీశాను అన్నాను. పది రోజులు నాతో మాట్లాడలా. పదకొండో రోజు వచ్చి, మొత్తం మళ్లీ చేద్దాం లాల్ గారూ, డిష్‌లు రెడీ చేయండి అన్నారు."

ఆరు నెలలు పట్టిందట. పదిహేడో నెంబరు ఏదో కొంచెం పని చేసింది, చెప్పుకోదగ్గది కాదు. దాన్ని పక్కన పెట్టారు.

రేపల్లెలో ఆయన ఇంటి ముందు గదిలో ఇంకా రెండు బాకాలున్నాయి. నాగూర్‌బీ పిన్ని టీ తెచ్చి నా పక్కనే కూర్చుంది.

"మీ బాబాయ్ సంగతి చూశావా" అంది. "ఎలకల మెదళ్లకి వేళకి పాలు పడతాడు. మనవరాలికి ఒక్కసారి పట్టలా. నేను వంటింట్లోంచి పిలిస్తే వినపడదు. అక్కడ ఎలక తుమ్మితే వినపడతది."

"ఎలకలు తిట్టవుగా" అన్నాడు బాబాయ్.

నేను నవ్వబోయి ఫోన్ చూసుకున్నాను. బస్సు దిగి అత్తయ్యతో మాట్లాడి నలభై నిమిషాలైంది. అక్కడే కూర్చుని మళ్లీ చేశాను.

"ఇప్పుడే మళ్లీ కన్నంటుకుంది తల్లీ" అంది అత్తయ్య.

"ఊపిరి సరిగ్గా ఉందా?"

"ఉంది."

"ఒకసారి భుజం తట్టండి అత్తయ్యా. కళ్లు తెరుస్తుందో లేదో చూడండి."

"పొద్దున్నించి మూడుసార్లు తట్టించావు. పిల్ల ఏడుస్తోంది."

"ఏడిస్తే మంచిదే. తట్టండి."

ఏడుపు వినిపించాక ఫోన్ పెట్టేశాను. తలెత్తేసరికి బాబాయ్ టీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, నన్నే చూస్తున్నాడు. డిష్‌ల చప్పుడు వినేటప్పుడు ఆయన తల కాస్త పక్కకి వంగుతుంది. ఇప్పుడూ అలాగే ఉంది.

"రాత్రుళ్లు కూడా తడతావా?"

"ఫిట్స్ నిద్రలో వస్తే తెలియదు కదా బాబాయ్."

"ఎన్నిసార్లు?"

లెక్కపెట్టాను. అలారం పెట్టుకుని లేచేవి ఐదు. మధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా ఇంకో మూడు, నాలుగు. పగటి నిద్రలో రెండో మూడో.

"ఎప్పటినుంచి?"

మందు మొదలుపెట్టిన రోజు నుంచి. అదే రోజు నుంచి. ఐదు వారాలుగా నా బిడ్డ ఒక్క రాత్రి కూడా వరసగా రెండు గంటలు నిద్రపోలేదు. నిద్ర చాలకపోతే పిల్లలు మందకొడిగా ఉంటారని, ఫిట్స్ కూడా తిరగబెట్టొచ్చని నేను చదివాను. డాక్టరు "ఇంకేమైనా మారిందా అమ్మా" అని అడిగితే "ఏమీ మారలేదండి, ఈ సిరప్ ఒక్కటే" అన్నాను.

పిన్ని ఏదో అనబోతే బాబాయ్ చేత్తో వద్దన్నాడు.

"మందు వల్ల కాదని నేననట్లా" అన్నాడు నెమ్మదిగా. "దాని వల్లే అయ్యుండొచ్చు. నీ తట్టుడు వల్ల అయ్యుండొచ్చు. రెండూ అయ్యుండొచ్చు. ఒకేసారి రెండు చేతులు పెడితే ఏ చేయి చల్లబరిచిందో నేనెట్టా చెప్పను, నువ్వెట్టా చెబుతావు? నువ్విప్పుడు మందు సగం చేశావనుకో, ఫిట్స్ వచ్చాయనుకో, అప్పుడు మూడు చేతులైతై."

సగం చేద్దామనుకున్న సంగతి నేను ఆయనకు చెప్పనే లేదు. నా మొహం చూసి ఉంటాడు.

"మరి నిద్రలో ఏమైనా అయితే?"

"అది డాక్టర్ని అడుగు. నేను మైకు సెట్ల వాణ్ణి. కానీ అడిగేటప్పుడు తట్టే సంగతి కూడా చెప్పు. సిగ్గుపడి దాన్ని మింగేయమాక. చీమల సుద్ద సంగతి బయటపడక తిండి సయించని ఆ పది రోజులూ నాకు గుర్తున్నై."

ఆ సాయంత్రం తెనాలి బండెక్కాను. వేమూరు దాటాక శ్యామ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను, సగం మోతాదు సంగతితో సహా. అతను "స్టేషనుకి వస్తా" అన్నాడు.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మోతాదు మార్చలేదు. పిల్లను లేపొద్దన్నాడు. మీ గదిలోనే, మీ పక్క మంచం మీదే పడుకోబెట్టుకోండి అని, ఎలాంటి గుర్తులు కనిపిస్తే లేవాలో చెప్పి, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. మొదటి రెండు రాత్రులు నా చేతులను నేనే ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. జెస్సీ ఇప్పుడు పగలు కొంచెం మెలకువగా ఉంటోంది. బల్లికి ఇంకా కబుర్లు మొదలుపెట్టలేదు. కొన్ని పూటలు మందు పోశాక మగతగానే ఉంటోంది. రెండు వారాల తర్వాత వెళ్లినప్పుడు ఆ సంగతి డాక్టరు వేరేగా రాసుకున్నాడు, వచ్చేసారి చూద్దామన్నాడు. నా భయం తగ్గిందని చెప్పలేను. దేనికి భయపడుతున్నానో కాస్త విడివిడిగా కనిపిస్తోంది, అంతే.

ఆ రోజు రేపల్లె స్టేషనులో బండి కదలబోతుంటే, బాబాయ్ కిటికీ చువ్వలు పట్టుకుని చెప్పిన మాట ఒకటుంది. రోజూ పొద్దున్నే నోటు పుస్తకం తెరిచి ఆ ప్రకారమే చేస్తున్నాను.

"పాప గురించి గానీ మందు గురించి గానీ ఒక్క ముక్క రాసేముందు, నిన్న నువ్వేం చేశావో రాయి. అది చిన్న పనే అనిపిస్తే ముందు దాన్నే రాయి."